నాలుగు మూరల తాడు

"తాడు తెగలేదు గదరా," అన్నాడు గురవయ్య. పొద్దుటి నుంచి ఆ మాట అనడం ఇది మూడోసారి.

పానకాలు తల ఎత్తలేదు. కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. పప్పు ఆరిపోయి అంచుకి పెచ్చు కట్టింది.

"తెగలేదు మావా."

"బెల్టు ఊడలేదు."

"లేదు."

"హుక్కు జారలేదు. రేకుల కింది ఇనప పర్లీనుకి తగిలించింది తగిలించినట్టే ఉంది, నేను కళ్ళారా చూశాను. అన్నీ బాగానే ఉన్నై. మరి బుడే నడుం ఎట్టా విరిగిందిరా?"

"తాడు పొడుగైంది."

"అదే అడుగుతున్నా. మిల్లువాళ్ళు నాలుగు మూరల నారతాడుతో ఇచ్చారు బెల్టు. మనిషిని దించాక చూస్తే ఎనిమిది మూరలుంది. రాత్రికి రాత్రి పెరగడానికి అదేమన్నా పొట్లపాదా?"

ఇంకో రోజైతే మల్లేశ్వరికి నవ్వొచ్చేది. వంటింటి గుమ్మానికి ఆనుకుని తండ్రి వంకా, మొగుడి వంకా మార్చి మార్చి చూస్తూ నిలబడింది.

వసారా చివర గుంజ పక్కన పానకాలు తల్లి మాణిక్యమ్మ ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. తీసిన కాయలు ఒక పక్క, తీయనివి ఒక పక్క. కాసేపటి నుంచి ఆమె చేతులు తీసిన కుప్పలోంచే కాయలు తీసుకుని, లేని తొడిమల కోసం వెతుకుతున్నాయి. ఎవరూ గమనించలేదు.

ఆ ఇంట్లో వేళకి పొయ్యి వెలుగుతోంది గాని మూడు రోజులుగా కడుపు నిండా తిన్నవాళ్ళు లేరు. సోమవారం మధ్యాహ్నం పత్తిమిల్లు కప్పు మీద పాత సిమెంటు రేకు, పానకాలుతో పనిచేసే బుడే కాలి కింద పెంకులా పగిలింది. నడుముకి బెల్టు ఉంది, బెల్టుకి తాడు ఉంది. అందుకని కింద ఉన్నవాళ్ళు ముందు భయపడలేదు కూడా. తాడు ఆపుతుందనుకున్నారు. ఆపింది. కానీ అది ఆపేలోపల, కింద అడ్డంగా ఉన్న ఇనప గర్డరు మీద వెల్లకిలా పడ్డాడు.

ఆ రేకుల పనికి గురవయ్యే మేస్త్రీ. మాణిక్యమ్మకి తమ్ముడు, పానకాలుకి మేనమామ, పిల్లనిచ్చిన మామ. కోపం వస్తే ఏ వరసతో తిడుతున్నాడో ఆయనకే తెలియదు.

"గర్డరు కప్పుకి ఏడు మూరల కింద ఉందిరా," అన్నాడు వేళ్ళతో గాల్లో కొలుస్తూ. "నాలుగు మూరల తాడుకి మనిషి నాలుగు మూరలు జారతాడు. కాళ్ళు కూడా గర్డరుకి తగలవు, ఊగుతా ఉంటాడు. నిచ్చెనేసి దించుకునేవాళ్ళం. సాయంత్రం మనతో టీ తాగేవాడు. తాడు పొట్టిగా ఉండటమే దాని బలం. బెల్టులొచ్చిన రోజే చెప్పానా లేదా?"

"చెప్పావు."

"అందరూ సణిగారు. పర్లీను మారినప్పుడల్లా హుక్కు విప్పి మళ్ళీ తగిలించుకోవాలా అని. సణిగితే సణగండి, పొట్టి తాడే కట్టుకోండన్నాను."

మాణిక్యమ్మ చెయ్యి ఆగింది. పొట్టిగా ఉండటమే బలం. మూడు రోజులుగా వింటున్నా ఆ మాట ఆమె లోపలికి దిగడం లేదు. ఆమె ఎరిగిన తాళ్ళు వేరు. బావికి పొడుగు తాడు మంచిది. గేదెకి పలుపు పొడుగ్గా వదిలితే సుఖంగా మేస్తుంది, పొట్టిగా కడితే గుంజుకుని గుంజుకుని మెడ ఒరిపిడి పెట్టుకుంటుంది. పదేళ్ళ వయసు నుంచి జనుపనారతో తాళ్ళు పేనుతున్న మనిషికి, తాడు పొడుగై ఒక మనిషి విరిగిపోతాడని ఎవరూ చెప్పలేదు.

"రేపు పదింటికి గుంటూరు నుంచి ఫ్యాక్టరీల ఆఫీసరు వస్తున్నాడు," అన్నాడు గురవయ్య. "తాడు ఎవరు కలిపారని అడుగుతాడు. తన సుఖానికి బుడేనే కలుపుకున్నాడని మిల్లు గుమాస్తా ఇప్పటికే అంటున్నాడు. మనం అవునంటే అయిపోతుంది."

"వాడికి తాడు కలపడం రాదు మావా. లుంగీ ముడే సరిగా నిలవదు వాడికి."

"ఆఫీసరుకి తెలుసా ఆ సంగతి?"

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే నీ దగ్గరుంచుకో."

"తప్పు వాడిదేనని కాయితం మీద రాస్తే మిల్లువాళ్ళు ఆస్పత్రి గుమ్మం కూడా తొక్కరు. మంచం మీద నుంచి లేవలేనోడి మీద రాయిస్తామా?"

"వాడి మీద కాకపోతే నీ మీద రాస్తారు. ఆ బెల్టు నీ పేరున ఇచ్చింది. కుట్టు ఊడిందని ముందు రోజు ఇంటికి తెచ్చింది నువ్వు. పొద్దున్నే చుట్ట చుట్టి వాడి చేతికిచ్చింది నువ్వు. మరి నువ్వు కలిపావా?"

"లేదు."

"నా కూతురు కలిపిందా?"

పానకాలు కంచాన్ని పక్కకి జరిపాడు. చెయ్యి కడుక్కోలేదు. ఎండిన మెతుకులు వేళ్ళ మీద నుంచి ఒక్కొక్కటే తీసి కంచంలో వేస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"బుడే పైనుంచి అరిచాడు మావా."

"ఎప్పుడు?"

"పడటానికి గంట ముందు. నేను కింద నుంచి రేకులు అందిస్తున్నా. 'పానకాలూ, తాడు మార్పించావా, ప్రాణానికి సుఖంగా ఉంది, విప్పే పనే లేదు' అన్నాడు. ఏదో హాస్యమాడుతున్నాడనుకున్నా. తలెత్తి చూళ్ళేదు. 'అయితే అక్కడే పడుకో' అన్నాను."

వీధిలో ఎవరిదో బండి పత్తి బోరేలతో కిర్రుమంటూ పోయింది.

"తలెత్తి ఉంటే ఎంత తాడుందో కనపడేది," అన్నాడు పానకాలు.

"ఆ మాట ఇంకెవరితోనూ అనకు," అన్నాడు గురవయ్య. ఈసారి గొంతులో కోపం లేదు.

*

కాళ్ళు కడుక్కుంటానని గురవయ్య పెరట్లోకి వెళ్ళాడు. "అక్కా, ఒక చెంబు నీళ్ళు పొయ్యి," అని పిలిచాడు. తొట్టి పక్కనే చెంబు ఉంది. తనే పోసుకోవచ్చు. మాణిక్యమ్మకి అర్థమై లేచి వెళ్ళింది.

ఆమె నీళ్ళు పోస్తుంటే కాళ్ళ వంక చూడకుండా ఆమె చేతుల వంక చూశాడు.

"తాడు కోసింది నేనే అక్కా. పైన పర్లీను దగ్గర కోసి, కిందకి వదిలి, దిగాక చుట్ట చుడుతుంటే మధ్యలో అతుకు చేతికి తగిలింది. ముడి లేదు. మూడు పాయలకీ పురి విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మళ్ళీ పురెక్కించిన అతుకు. తడిమితే తప్ప కంటికి ఆనదు."

ఆమె పోస్తూనే ఉంది. చెంబు ఖాళీ అయింది. వంచిన చెంబు వంచినట్టే పట్టుకుంది.

"అది నాన్న అతుకు," అన్నాడు. "నేర్పుతా రారా అంటే నేను పారిపోయేవాణ్ణి. నువ్వు కూర్చున్నావు. ఈ చుట్టుపక్కల ఆ అతుకు వేసే చెయ్యి ఇంకోటి లేదు."

"లేదు."

"ఎందుకు చేశావక్కా?"

మాణిక్యమ్మ తొట్టి గట్టు మీద కూర్చుంది.

"వాడు అన్నం తింటా మల్లేశ్వరితో చెబుతుంటే విన్నా. రోజుకి నలభై సార్లు హుక్కు విప్పుతానే, విప్పిన ఆ కాసేపు గాల్లో ఉన్నట్టే అని నవ్వుతున్నాడు. మీ బావ కూడా విప్పినప్పుడే పోయాడు గదరా."

గురవయ్య చెంబు ఆమె చేతిలోంచి తీసి గట్టు మీద పెట్టాడు. ఆ రోజు బండి కట్టుకుని బావని తీసుకొచ్చింది తనే.

ఇరవై రెండేళ్ళ కిందట పర్చూరు దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారను కప్పు బాగు చేస్తూ ఆయన నడుముకి మామూలు మోకు కట్టుకున్నాడు. చివరి పెంకు ఇంకో బారెడు దూరంలో ఉంది. మోకు చాలలేదు. విప్పాడు. అంతే. ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతూ 'వెళ్ళొస్తా' అనకుండా 'పోతున్నా' అన్నాడు. ఆమె అదేం మాటని తిట్టింది. వెనక్కి తిరిగి నవ్వి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి ఆ గుమ్మం దాటే ఎవరైనా సరే ఆమెకి 'వెళ్ళొస్తా' అని చెప్పి తీరాలి. పొద్దున్నే పానకాలు కోసం వచ్చే బుడే కూడా, ఇంటి మనిషి కాకపోయినా, రోజూ చెప్పేవాడు. "వెళ్ళొస్తా పెద్దమ్మా." సోమవారం కూడా చెప్పాడు.

"తాడు చాలితే విప్పడు గదా అనుకున్నా," అంది మాణిక్యమ్మ. "తెల్లారకముందే లేచి కలిపేశా. నాలుగు మూరలు. చెబితే వాడు వద్దంటాడని చెప్పలేదు. చుట్ట ఎట్టా ఉందో అట్టాగే చుట్టి గూట్లో పెట్టా."

"ఆ రోజు వాడు కింద పనికి ఉండిపోబట్టి బుడే కట్టుకున్నాడు గాని, లేకపోతే..."

"అది నువ్వు నాకు చెప్పక్కర్లేదురా. కళ్ళు మూస్తే అదే. పడుతున్నోడి మొహం ఒకసారి బుడేది, ఒకసారి వాడిది."

గురవయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తమ్ముడి మాటలా కాకుండా మేస్త్రీ మాటలా మెల్లగా చెప్పాడు.

"రేపు నువ్వు నోరు తెరవకు. నువ్వు చేశావంటే నీతో ఆగదు. బెల్టు వాడిది, కలిపింది వాడి తల్లి. ఇద్దరూ కలిసి చేశారంటారు. పోలీసుల దాకా పోతుంది. ఏ మిల్లువాడూ ఇక వాణ్ణి కప్పు ఎక్కనివ్వడు. వాడితోపాటు నా మనుషుల పనీ పోతుంది. మిరుగు వారంలో పడుతుంది, వానలొస్తాయి, అక్కడ సగం కప్పు తెరిచి ఉంది. అదంతా అయ్యాక నా కూతుర్ని ఈ ఇంట్లో ఉంచను అక్కా. కోపంతో అనటం లేదు. ముందే చెబుతున్నా."

"అందరూ ముందే చెబుతార్రా వెళ్ళిపోయే ముందు," అంది మాణిక్యమ్మ. "ఆయన కూడా పోతున్నానని చెప్పే పోయాడు."

ఆమె కంట్లో నీళ్ళొచ్చాయి. తుడుచుకుంటే మిరపకాయల చెయ్యి కంట్లో పడి భగ్గుమంది. తమ్ముడు చెంబు ముంచి ఆమె మొహాన నీళ్ళు కొట్టాడు. చిన్నప్పుడు తను వాడికి కొట్టినట్టే.

*

నాలుగు గంటల వేళ జానీబీ వచ్చింది. బుడే భార్య. గుంటూరు ఆస్పత్రి నుంచి బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చినట్టుంది, మొహం దుమ్ము కొట్టుకుపోయి ఉంది. చేతిలో గుడ్డసంచి.

పానకాలు లేచి నిలబడ్డాడు. "ఎట్టా ఉన్నాడు?"

"మాట్లాడుతున్నాడు. కాళ్ళు గిల్లితే తెలియటం లేదంటన్నాడు." ఆ మాట బస్సులో ఎంతమందికో చెప్పి అరిగిపోయినట్టు చెప్పింది. "నవ్వుతున్నాడు కూడా అన్నా. రేపు ఎవరు రేకులు బిగిస్తారని అడుగుతున్నాడు."

మల్లేశ్వరి మంచినీళ్ళు తెచ్చింది. జానీబీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టి సంచి విప్పింది. లోపల బెల్టు ఉంది. దానికే చుట్టి, పైన కోసింది పోగా మిగిలిన ఏడు మూరల తాడు.

"ఆస్పత్రిలో ఈన నడుం మీంచి విప్పి ఇచ్చారు. రేపు ఆఫీసరు చేతికే ఇవ్వాలంట."

"ఇటివ్వమ్మా," అన్నాడు గురవయ్య చెయ్యి చాచి. "నేను భద్రంగా ఉంచి రేపు పట్టుకొస్తా. నీకెందుకు ఈ మోత."

"మొయ్యగలను బాబాయ్." సంచి ఒళ్ళోకి లాక్కుంది. గొంతులో అనుమానం లేదు, అలసట ఉంది. "గుమాస్తా ఆస్పత్రికి వచ్చాడు. తాడు నువ్వే కలిపావు, ఒప్పుకో అని ఈనతో అంటన్నాడు. ఈనకి చేతకాదని నాకు తెలుసు. పెద్దమ్మా, నువ్వు తాళ్ళు పేనేదానివి గదా. ఇది చూసి ఎవరి చెయ్యో చెప్పగలవేమోనని తెచ్చా."

తాడు తీసి మాణిక్యమ్మ ఒళ్ళో పెట్టింది.

గురవయ్య వీధి వైపు చూశాడు. మల్లేశ్వరి గ్లాసు తీసుకోవడానికి వంగి, వంగినట్టే ఉండిపోయింది.

మాణిక్యమ్మ తాడు వంక చూడలేదు. బొటనవేలు తాడు వెంట పోయి, అతుకు దగ్గర తనంతట తనే ఆగింది. గట్టిగా వేసింది. మనిషి బరువంతా పడినా ఒక్క పాయ కదల్లేదు. ఇంకో పని అయితే తండ్రి మెచ్చుకునేవాడు.

"నాదే అమ్మా," అంది.

జానీబీకి అర్థం కాలేదు. "నార నీదా?"

"నారా నాదే. చెయ్యీ నాదే. మావాడు పైన హుక్కు విప్పకుండా ఉంటాడని నేనే కలిపా."

పానకాలు తల్లి వంక చూశాడు. కోపంగా చూస్తే ఆమెకి బాగుండేది. కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడు చూసినట్టు చూశాడు.

"ఎన్ని మూరలు కలిపావు?"

"నాలుగు."

"నాలుగు," అన్నాడు తనలో తను.

జానీబీ తాడుని మెల్లగా తీసుకుని బెల్టుకి చుట్టింది. చుట్టడం అయ్యాక మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది.

"నీ కొడుక్కోసం చేశావు పెద్దమ్మా."

"అవును."

"మా ఆయన కట్టుకున్నాడు."

"అవునమ్మా."

"రేపు ఈ మాట అక్కడ చెబుతావా?"

"చెబుతా."

"అక్కా," అన్నాడు గురవయ్య. ఆమె తల తిప్పలేదు. ఆయన లేచి కండువా దులిపాడు. "మల్లేశ్వరీ, బట్టలు సర్దుకో."

మల్లేశ్వరి గ్లాసుతో నిటారుగా నిలబడింది. "సోమవారం పొద్దున వసారాలో జనుపపీచు ఊడ్చింది నేనే నాన్నా. మధ్యాహ్నం కబురు రాగానే నాకు తెలిసిపోయింది. సర్దుకునేదాన్నైతే అప్పుడే సర్దుకునేదాన్ని."

"నీకు తెలుసా?" అన్నాడు పానకాలు. "మూడు రోజులు నీకు తెలిసే ఉందా?"

"అత్త చెబుతుందేమోనని చూశా బావా."

"నాకు చెప్పలేకపోయావా?"

అతను చొక్కా తీసుకుని భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. రోజూ ఆగే చోటే. మాణిక్యమ్మ ఆ మాట కోసం తల ఎత్తింది. అతను మెట్టు దిగి వెళ్ళిపోయాడు.

*

తెల్లవారి మాణిక్యమ్మ స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. పానకాలు పొద్దుపోయాక వచ్చి అరుగు మీదే పడుకున్నాడని మల్లేశ్వరి చెప్పింది. ఇప్పుడు అరుగు మీద చాప మడిచి ఉంది. మనిషి లేడు.

"ఎటు వెళ్ళాడే?"

"చూళ్ళేదత్తా. నేను నీళ్ళకి వెళ్ళొచ్చేసరికే లేడు."

ఎనిమిదయ్యేసరికి జానీబీ వచ్చింది. రెండు చేతులూ ఖాళీ.

"సంచేదమ్మా?"

"పానకాలన్న వచ్చి తీసుకెళ్ళాడు గదా పెద్దమ్మా. నువ్వు పంపావన్నాడు."

మాణిక్యమ్మ గుంజ పట్టుకుంది.

"ఎటు వెళ్ళాడు?"

"కాలవ గట్టు మీదుగా." జానీబీ ఆమె మొహం చూసి ఆగింది. "నువ్వు పంపలేదా?"

కాలవ గట్టు మిల్లుకి అడ్డదారి. ఏ వస్తువైనా ఎవరికీ కనపడకుండా వదిలించుకోవాలన్నా అదే దారి. మాణిక్యమ్మ చెప్పులు వెతుక్కోలేదు. జానీబీ చెయ్యి పట్టుకుని గట్టెక్కింది.

ఎండాకాలం సాగరు కాలవలో నీళ్ళు లేవు. అడుగున మట్టి పెచ్చులు పెచ్చులుగా విచ్చి, అక్కడక్కడా పచ్చగా బురద గుంటలు. మాణిక్యమ్మ కాలవలోకే చూస్తూ నడిచింది. తెల్లగా ఏది కనపడినా ఆగింది. ఒక చోట చిరిగిన బోరె గుడ్డ. ఒక చోట కొంగ. తుమ్మచెట్ల దగ్గర ఏదో కాలిన వాసన వస్తే జానీబీని దింపి చూడమంది. ఎవరో చుట్ట కాల్చి పారేసిన చోట గడ్డి రాజుకుని ఆరింది. అంతే.

"ఏం చేసి ఉంటాడు పెద్దమ్మా?"

"పారేస్తే ఇక్కడే కనపడాలి."

"కనపడలా."

"కనపడలేదు," అంది మాణిక్యమ్మ. ఊపిరి కుదుటపడింది. మరి నాలుగడుగులు వేశాక, సంగతి తట్టి అడుగు జోరు పెంచింది. పారెయ్యకపోతే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోడు. బెల్టు నాది, తాడు నేనే కలిపానంటాడు. తలెత్తి చూడనివాడు, నిన్నటి నుంచి దానికి ఏదో ఒకటి చెల్లించుకోవాలని చూస్తున్నాడు.

జానీబీకి కూడా తట్టినట్టుంది. "ఎవరు చెప్పినా మా ఆయన మీద మాట పోతుంది పెద్దమ్మా. నాకది చాలనుకుని ఇంటికి పోవచ్చు."

"పో అమ్మా."

"పోలేకపోతన్నా."

మిల్లు గేటు మూసి ఉంది. పైన సగం రేకులు లేని కప్పులోంచి పక్షులు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. వాచ్‌మన్ చెంచయ్య స్టూలు మీద నుంచి లేచాడు.

"ఇప్పుడు కాదు మాణిక్యమ్మా. లోపల ఆఫీసరున్నాడు."

"పదింటికన్నారు గదా."

"ఎండని తొందరగా వచ్చాడు. కాయితాలు రాసుకుంటున్నారు. మీవాడు ఒప్పుకున్నాడంటగా."

"వాడు కాదు చెంచయ్యా. వాడికి ఆ అతుకు రాదు. లోపలికి పోయి చెప్పు. వాడి చేతికి రెండు తాడు ముక్కలివ్వమను, నా చేతికి రెండివ్వమను. ఎవరి చెయ్యో ఆయన కళ్ళతోనే చూసుకుంటాడు."

చెంచయ్య ఆమె వంక జాలిగా చూశాడు. "అదే అడిగాడమ్మా ఆఫీసరు. నువ్వే కలిపితే కలిపి చూపించమన్నాడు. అరగంటైంది. మీ తమ్ముడు కూడా లోపలే ఉన్నాడు."

"అయితే తేలిపోతుంది," అంది మాణిక్యమ్మ. జానీబీ చేతిని వదిలి పైట సర్దుకుంది. మూడు రోజుల్లో మొదటిసారి నడుం నిటారుగా నిలబడింది. వాడు చిన్నప్పటి నుంచి తాడు వంక చూసినవాడు కాదు. తను పేనుతుంటే, ఆ పీచు దురద పెడుతుందని, ఆమె మోకాలి మీద తల పెట్టి, ఆమె మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని పడుకునేవాడు. పాయలు ఎక్కడ విప్పాలో, ఎన్నోదాని కింద దూర్చాలో వాడికేం తెలుసు.

గేటు చిన్నతలుపు తెరుచుకుంది. గురవయ్య బయటికి వచ్చాడు. ఒక్కడే. అక్క కళ్ళలోకి చూడకుండా, చేతిలో ఉన్న తాడు ఆమె చేతిలో పెట్టాడు. మూరెడు తాడు. రెండు ముక్కలు కలిపిన తాడు.

"వాడికి ఎప్పుడు నేర్పావక్కా?"

"నేర్పలేదు."

"మా అందరి ముందే కలిపాడు. తాడు వంక చూడను కూడా చూళ్ళేదు."

ఆ మోకాలి మీద, కళ్ళు మూసుకుని, వాడు నిద్రపోలేదు.

ఎక్కడన్నా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని మాణిక్యమ్మ బొటనవేలు ఆ తాడు వెంట వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

దొరకలేదు.